బాపిరాజు గారి కారుకు తలంటు

ఏలూరు
6-2-1936

గుండుగొలను బాపిరాజు గారికి,

ఏలూరు మోటారు షెడ్డులో పనిచేసే కరీం రాసేది. ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. నేను క్షేమంగా లేను. పోయినవారం స్టార్టు చేస్తుంటే ఒక లారీ హ్యాండిలు వెనక్కి తన్ని నా కుడి మణికట్టు విరిగింది. ఎడం చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర, విషయం తిన్నన.

మా అక్క సాబిరాను కొల్లేటి ఒడ్డున ఇచ్చాం. మా బావ అబ్దుల్ మజీద్ అక్కడ చేపలు కొని ఊళ్ళమీద అమ్ముతాడు. మొన్న బుట్టెడు చేపలు బుట్టెడూ వెనక్కి వచ్చాయి. నోట్లో పెడితే కిరసనాయిలు కంపట. బావ ఊరుకునే మనిషి కాదు. ఆ కంపు పట్టుకుని కాలవ గట్టు వెంట ఎదురు నడిచాడు. నడిచి నడిచి మీ ఊరి గేదెల రేవు దగ్గర ఆగాడు. అక్కడ మీ కారు మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. మీ మనిషి బానెట్టు ఎత్తి, డబ్బాడు కిరసనాయిలు ఇంజను మీద గుమ్మరించి, ఆ మడ్డంతా కాలవలోకి కడుగుతున్నాడు.

ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయనుకున్నారు? దారిలో జనం తాగుతారు, గొడ్లు తాగుతాయి, మిగిలింది కొల్లేట్లో చేపలు తాగుతాయి. ఆ చేపల్ని మళ్ళీ మీరే తింటారు. ఇది తెలియటానికి చదువు అక్కర్లేదు, నాకూ లేదు. కారు మీది. కాలవ మీది కాదు.

ఇంతే.
కరీం

తా.క. మీ కారుకు కిందటి నెల ప్లగ్గులు మార్చింది నేనే. ఇప్పుడు కుడిచెయ్యి బాగుంటే ఈ ఉత్తరం ఇంకా పొడుగ్గా ఉండేది.


గుండుగొలను
10-2-1936

ఏలూరు కరీం గారికి బాపిరాజు నమస్కరించి వ్రాయునదండి.

మీ ఉత్తరం అందింది. ఇంటిల్లిపాదీ కూర్చుని చదువుకుని చాలా సంతోషించామండి. చెయ్యి సంగతి తెలిసి మా అమ్మగారు వెంకటనరసమ్మ గారు మటుకు బాధపడ్డారు.

తప్పు మాదేనండి. మా ఇంట్లో గేదెను కడిగినా, ఎడ్లను కడిగినా, బండి కడిగినా ఆ రేవులోనే. కొత్తగా వచ్చింది కదా అని కారును వేరుగా చూస్తే బాగుండదనుకున్నాం. ఇంకో మాట చెప్పడానికి సిగ్గుగా ఉందండి. ఆ వారమే మా అమ్మగారు చేపలాయన్ని గుమ్మంలో నిలబెట్టి, "ఏం చేపలయ్యా ఇవి, దీపంలో పెట్టుకోనా, పులుసులో పెట్టుకోనా?" అని నానా మాటలూ అన్నారు. ఆయన మీ బావగారేనని ఇప్పుడు తెలిసింది. ఆ కిరసనాయిలు మాదేనని కూడా ఇప్పుడే తెలిసింది.

ఇంక కాలవలోకి దింపమండి. కానీ ఇంజను మీద జిడ్డు అట్టు కట్టుకుపోయింది. వేడెక్కితే పొగ. ఆ కంపుకి కళ్ళు తిరుగుతున్నాయని అమ్మగారు కారెక్కటం మానేశారు. ఇంటి దగ్గరే, ఎవరి నీళ్ళూ పాడుకాకుండా శుభ్రం చేసే పద్ధతి దయచేసి వ్రాయండి. మీరు ఎలా చెబితే అలా చేస్తామండి. ఆయ్.

ఇట్లు విధేయుడు
బాపిరాజు

తా.క. ఇంత నిక్కచ్చి మనిషి పనిలో ఉండటం మీ యజమాని అబ్దుల్ హమీద్ గారి అదృష్టం. ఆ మాటే వారికి వ్రాసి, మీ ఉత్తరం కూడా అందులో పెట్టి పంపానండి. చూసి మురిసిపోతారు.


ఏలూరు
12-2-1936

బాపిరాజు గారికి,

మురిసిపోయారు. ఆ మురిపెం వినటానికి రోడ్డున పోయే జనం ఆగారు. "కారు మీది, కాలవ మీది కాదు" అన్న ముక్క నాలుగుసార్లు గట్టిగా చదివి, కారున్న మారాజుకి ఇలా రాస్తావా అని నన్ను పనిలోంచి తీసేశారు. మా అమ్మ మహమూదా వచ్చి ఏడిస్తే గడువిచ్చారు. ఈ నెల 27, గురువారం సాయంత్రం లోపల మీ కారు తళతళలాడే ఇంజనుతో షెడ్డు ముందు స్టార్టు కావాలి, మీరు నవ్వు మొహంతో అందులో కూర్చుని వెళ్ళాలి. లేకపోతే 28 నుంచి నేను బావతో చేపలబుట్ట మొయ్యాలి.

మీ మంచితనం నా కొంప ముంచింది కాబట్టి పద్ధతి జాగ్రత్తగా చదవండి.

కారును కాలవకీ నూతికీ దూరంగా పెట్టండి. ఇంజను చల్లారాలి. కింద జానెడు మందం ఊక పరవండి, కారిందంతా అది పీల్చుకుంటుంది. వెదురుబద్దతో మడ్డి గీకండి. మిగిలిన జిడ్డు మీద ఊక బూడిద చల్లి గోనెగుడ్డతో రుద్దండి. ప్లగ్గులకి రవ్వ పుట్టించే మాగ్నెటోకీ, కార్బురేటరుకీ తడి తగలకుండా గుడ్డలు చుట్టి, ఆ తరవాత కుంకుడు రసంలో గుడ్డ ముంచి, పిండి, తుడవండి. బిందెలతో గుమ్మరించొద్దు. ఆ నల్ల ఊక కాలవలో పారెయ్యొద్దు, చేలో పారెయ్యొద్దు. కుండలోకి ఎత్తి దాచండి.

నేను రాయనిది ఒక్కటి కూడా చెయ్యొద్దు.

కరీం

తా.క. నా గురించి ఇంకెవరికీ మంచిగా రాయకండి.


గుండుగొలను
16-2-1936

కరీం గారికి బాపిరాజు నమస్కారాలండి.

మీ పని మావల్ల పోతే మేం అన్నం ఎలా తింటామండి? అందరం కారు మీదే ఉన్నాం. ఊక పరిచాం, మడ్డి గీకాం, బూడిద రుద్దాం. అంతా మీరు వ్రాసినట్టే జరిగింది.

కుంకుడు రసం దగ్గర మాత్రం అమ్మగారు అడ్డం నిలబడ్డారండి. నూనె పెట్టకుండా కుంకుడు పులిమేది చచ్చినవాళ్ళకే, బతికుండగా ఎవరికీ అలా చెయ్యరు, వాకిట్లో అలాంటి పని జరగనివ్వను అన్నారు. మీరు నూనె సంగతి వ్రాయలేదంటే, "అంత చిన్న విషయం ప్రత్యేకం ఎవరు రాస్తార్రా, అన్నం తినమంటే చెయ్యి కడుక్కోమని రాస్తారా?" అన్నారు. నాకూ సబబే అనిపించింది.

తరవాత ఏ వారం చెయ్యాలన్న గొడవ వచ్చింది. ఆడవాళ్ళకు శుక్రవారం, మగవాళ్ళకు శనివారం కదండీ తలంటు. కారు ఏ కోవలోకి వస్తుందని తాడేపల్లిగూడెం నుంచి మా బావగారు వెంకట్రాజు గారిని పిలిపించాం. ఆయనకూ కారుంది. రంగురంగుల సోకు చూస్తే ఆడదే అన్నారాయన. మా ఇంటావిడ సూర్యకాంతం తలుపు చాటునుంచి, "పొద్దున్నే ఎవరో ఒకరు తిప్పలు పడి లేపితే కానీ లేవదు, లేచాక ఇల్లెగిరిపోయేట్టు అరుస్తుంది, అన్నయ్యగారూ, మగదే" అంది. దాంతో శనివారం ఖాయమైంది.

నిన్న రెండు శేర్ల నువ్వులనూనె గోరువెచ్చగా పట్టించి, రెండు గంటలు నాననిచ్చి, నలుగు పెట్టి, కుంకుడు రసంతో తుడిచాం. ఇంకా కొంచెం తడిగా ఉంది. తలంటు తరవాత జలుబు చెయ్యకుండా సాంబ్రాణి వెయ్యాలని అమ్మగారు బొగ్గుల కుంపటి సిద్ధం చేయిస్తున్నారు. బుధవారం పొద్దున్న బానెట్టు కింద పెడతాం. మీ ఆశీస్సులు కావాలి.

విధేయుడు
బాపిరాజు

తా.క. దిష్టి కూడా తీయించామండి.


ఏలూరు
17-2-1936
(బస్సు కండక్టరు చేతికి)

బాపిరాజు గారూ,

కుంపటి ఆర్పండి. ఆర్పి వచ్చి మిగతాది చదవండి.

ఆర్పారా? కారులో పెట్రోలుంటుంది. బానెట్టు కింద నిప్పు పెడితే కారు, మీరు, అమ్మగారు, సాంబ్రాణి, నా ఉద్యోగం ఒకేసారి పైకి పోతాం. తడి ఆరటానికి ఎండ చాలు. సాంబ్రాణి వద్దు. ఖాళీ ట్యాంకైనా వద్దు, అందులో ఆవిరి ఇంకా ప్రమాదం. వద్దంటే అమ్మగారు వింటారన్న నమ్మకం నాకు లేదు. అందుకని పెట్రోలు చుక్క మిగలకుండా డబ్బాలోకి దింపి, మూత బిగించి దూరంగా పెట్టండి. నేను నా నోటితో చెప్పేదాకా ఆ డబ్బా కారు దగ్గరికి రాకూడదు. నేను చెప్పేదాకా. అర్థమైందా?

జిడ్డు వదిలించమంటే జిడ్డు పూశారు! మళ్ళీ బూడిద, మళ్ళీ కుంకుడు రసం. నలుగుపిండి సందుల్లో ఉంటే ఈకతో దులపండి. ఎలకలు చేరతాయి.

కరీం

తా.క. మీ ఉత్తరం మా యజమాని నా చేతిలోంచి లాక్కుని చదివారు. ఆయన నవ్వటం షెడ్డులో చేరాక ఇదే మొదటిసారి చూశాను. నాకు నవ్వు రాలేదు.


గుండుగొలను
22-2-1936

కరీం గారికి బాపిరాజు అనేక నమస్కారాలండి.

కుంపటి ఆర్పాం. అమ్మగారు రెండు పూటలు అన్నం మానేసి మూడో పూట తిన్నారు. మీరు చెప్పినవన్నీ పొల్లుపోకుండా చేశాం. ఇంజను ఎలా ఉందంటారు! మొహం చూసుకోవచ్చు. సూర్యకాంతం చూసుకుంది కూడా. ఎన్నేళ్ళదో ఆ ఎండిన మడ్డి, మీ వెదురుబద్దకు లొంగనిది, నూనెకు నాని పెచ్చులు పెచ్చులుగా ఊడివచ్చింది. ఇది నా మాట కాదు, అమ్మగారు వ్రాయమన్నారు.

కుండెడు నల్ల ఊక దాచాం. మా బండి తోలే క్రీస్తుదాసు దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. గుడ్డలో వేసి పిండితే కందెన వచ్చింది. బండి ఇరుసుకు పూశాడు. చుక్క కాలవలో పడలేదండి.

ఒకటే చిక్కు. కారు స్టార్టు కావటంలేదు. నలుగురు మారి మారి హ్యాండిలు తిప్పారు. గడువు దగ్గర పడుతోంది కాబట్టి రెండు జతల ఎడ్లను కట్టి ఏలూరు లాక్కొస్తున్నాం. మంగళవారానికి మీ ముందుంటాం. కంగారుపడకండి, మీ చేయి పడితే అదే లేస్తుంది.

విధేయుడు
బాపిరాజు

తా.క. ఎడ్లు కారును చూసి ముందు భయపడ్డాయి. ఇప్పుడు నూనె వాసనకి నాకుతున్నాయండి.


ఏలూరు
26-2-1936
(సాయంత్రం బస్సులో)

బాపిరాజు గారికి,

మీరు ఇందాక ఎడ్లబండి ఎక్కి వెళ్ళారు. మీ కారు ఇక్కడే, శవంలా ఉంది.

నిన్నా ఇవాళా ఒంటిచేత్తో దాన్ని విప్పాను. మాగ్నెటో విప్పాను, బాగుంది. ప్లగ్గులు విప్పాను, కొత్త పెళ్ళికూతురిలా ఉన్నాయి. కార్బురేటరు విప్పాను, లోపల పొడిగా, శుభ్రంగా ఉంది. నా జన్మలో ఇంత శుభ్రమైన ఇంజను చూడలేదు, ఇంత మొండి ఇంజనూ చూడలేదు. ఇది మీ అమ్మగారి నూనె పనే. లోపలికి ఎక్కడికో పాకింది. పోయిన వారం నవ్విన మా యజమాని ఇప్పుడు నవ్వటంలేదు. "కుడిచెయ్యి విరిగిందనుకున్నాను, బుర్ర కూడానా?" అన్నారు. రేపే గురువారం.

నా కోపమల్లా మీ మీద. రెండు రోజులు మా బల్లమీద కదలకుండా కూర్చున్నారు. నేను చెమటలు కక్కుతుంటే "అబ్బ, ఎంత ఒడుపండీ" అన్నారు తప్ప ఒక్క పనికొచ్చే మాట చెప్పలేదు. తువ్వాలు చుట్టిన డబ్బా ఒకటి ఒళ్ళో పెట్టుకుని, దించమన్నా దించలేదు. మా యజమాని అది గుమ్మపాల నెయ్యి అనుకుని, ఇప్పుడిస్తారా ఇంకాసేపటికి ఇస్తారా అని రెండు రోజులూ చూసి, మీరు తిరిగి పట్టుకెళ్ళిపోతే ఆ కోపం కూడా నా మీదే చూపించారు.

ఎల్లుండి నుంచి నేను చేపలబుట్టతో కనిపిస్తాను. అమ్మగారిని బేరం చెయ్యొద్దనండి.

కరీం

తా.క. ఇంతకీ ఆ డబ్బాలో ఏముంది?


గుండుగొలను
27-2-1936
(తెల్లవారి మొదటి బస్సు, డబ్బాతో సహా)

కరీం గారికి బాపిరాజు నమస్కరించి, క్షమాపణలతో వ్రాయునదండి.

డబ్బాలో పెట్రోలుందండి.

మీ నోటితో మీరు చెప్పేదాకా కారు దగ్గరికి రాకూడదని రెండుసార్లు వ్రాశారు. మీరు వ్రాయని పని చేసి ఒకసారి బుద్ధి వచ్చింది కదండీ. అందుకని ఒళ్ళో పెట్టుకుని, కారుకి పది బారల దూరంలో ఉన్న బల్లమీద కూర్చుని, ఎప్పుడు చెబుతారా అని చూశాను. ట్యాంకులో లేదేమోనండీ అని చెప్పాలని నిన్న మధ్యాహ్నం నోటిదాకా వచ్చింది. కానీ మీరు అంత శ్రద్ధగా విప్పుతున్నారు, పక్కన మీ యజమాని గారు ఉన్నారు. పనివంతుడికి పదిమందిలో ఆ మాట చెప్పటం మర్యాద కాదు కదండీ.

మీరు చెప్పారనే అనుకుని ఇప్పుడు డబ్బా పంపుతున్నాను. వెనక బస్సులో నేనూ వస్తాను, నవ్వు మొహంతో. ఈ సంగతి మనిద్దరికే తెలుసు. మీ చేతివాసికి కారు లేచిందని హమీద్ గారితో చెబుతాను. మంచిగా చెప్పొద్దని మీరు అన్నది గుర్తుంది, ఈ ఒక్కసారికి మన్నించండి.

విధేయుడు
బాపిరాజు

తా.క. తెలియక అడుగుతున్నానండి. రెండు రోజులు ఊరికే కూర్చున్నాను కదా, మీ షెడ్డు వెనక తూములోంచి నల్లటి కిరసనాయిలు నీళ్ళు కాలవలోకి పోవటం చూశాను. అది కూడా కొల్లేటికే వెళుతుందాండి?


ఏలూరు
28-2-1936

బాపిరాజు గారికి,

నిన్న మీరు కళ్ళారా చూశారు. ఒక్క తిప్పుకే లేచింది. అంతకు ముందు డబ్బా పట్టుకుని షెడ్డు వెనక కాసేపు నిలబడ్డాను. కోపం వచ్చింది. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక మింగాను.

పని నిలబడింది. మీరు వెళ్ళిన గంటకి మళ్ళీ ఊగింది. ఎందుకంటే ఆ తూము రాళ్ళూ మట్టీ వేసి మూసేశాను. మూడేళ్ళుగా ఆ పక్కనే కూర్చుని అన్నం తింటున్నాను, చూడలేదు. యజమాని వచ్చి ఎవడు మూశాడన్నారు. షెడ్డు మీది, కాలవ మీది కాదు అన్నాను. ఆయన ఆ రాళ్ళను కాలితో తట్టి చూసి, "మరి ఇంజన్లు దేంతో కడుగుతావురా?" అన్నారు. తీసెయ్యలేదు. అడిగారు!

వెంటనే ఊక నాలుగు బస్తాలు, కుంకుడుకాయలు ఒక బస్తా పంపండి. నల్ల ఊక తీసుకుపోవటానికి క్రీస్తుదాసును వారానికోసారి రమ్మనండి.

నమస్కారాలతో,
కరీం

తా.క. బావ చెప్పాడు, మొన్న అమ్మగారు బుట్టెడు చేపలూ కొన్నారట. వాసన చూడకుండానే.

ఇంకో తా.క. నువ్వులనూనె కూడా ఒక డబ్బా పంపండి. ఈ ముక్క అమ్మగారికి చదివి వినిపించొద్దు.