ఏడు పలికిన రోజు

ప్రియమైన ఇంజిన్ మేస్త్రీగారికి,

మీ ఓడ ఇప్పుడు ఏ రేవు దారి పట్టిందో తెలియదు. కంపెనీ చిరునామాకు రాస్తే అందుతుందన్నారు కాబట్టి రాస్తున్నాను. నేను క్షేమం. నా నోరే అంత క్షేమంగా లేదు.

పద్దెనిమిదేళ్లు కాన్పులు చేసిన చేతులకు ఇక్కడ స్వీడన్‌లో ఎవరూ వంక పెట్టలేదు. రాత పరీక్షలూ గట్టెక్కాను. లేబర్ రూమ్‌లో పెద్ద నర్సమ్మ పక్కన నిలబడి, నా స్వీడిష్ అందరికీ అర్థమవుతుందని చూపించడమొక్కటే మిగిలింది. అది దాటితే ఉద్యోగం వస్తుంది. ఉద్యోగమొస్తే మీరు ఓడ దిగి నా దగ్గరే ఉండొచ్చు. దాటకపోతే పరికరాలు కడిగే గదే నాకు గతి.

మాటల్లోని ఎత్తుపల్లాలు ఉయ్యాల ఊగినట్టు ఎలాగో అలవాటయ్యాయి. వాళ్ల భాషలో ఏడు అనే అంకె మాత్రం కొరకరాని కొయ్య అయింది. వాళ్లు రాసేదొకటి, పలికేది ఇంకొకటి. ‘ష’కీ ‘హ’కీ నడుమ ఎక్కడో నాలుకను వెనక్కి లాగి, పెదాలు సున్నాలా చుట్టి గాలి వదలాలట. ఉచ్చారణ టీచరమ్మ తలా ఒక కొవ్వొత్తి వెలిగించి, ఆ శబ్దంతో ఆర్పమంది. నాతోపాటు నేర్చుకునే లారీ డ్రైవరూ, రొట్టెలు కాల్చే ఆవిడా, నేనూ బుగ్గలు ఉబ్బించి ఊదాం. కొవ్వొత్తులు ఆరాయి. ఏడు మాత్రం పుట్టలేదు.

ఇట్లు,
నోరు తిరగని మీ ఇల్లాలు


ప్రియమైన మంత్రసానిగారికి,

నీ ఉత్తరం ఇంజిన్ గదిలో చదువుకుంటుంటే బాయిలర్ వాల్వు ఆవిరి వదిలింది. అచ్చం నువ్వు రాసిన శబ్దమే అనిపించింది. నోరు జారి ఆ మాట పైకి అన్నాను. అప్పటినుంచి వాల్వు తెరిచినప్పుడల్లా మావాళ్లు మేడంగారు ఏడు అంటున్నారని ఒకటే ఆటపట్టిస్తున్నారు. నాకూ నవ్వొచ్చింది, అబద్ధమెందుకు. కానీ ఈ వయసులో కొత్త భాషకు నోరు తిప్పుతున్న పెళ్లాం ఎంతమందికి ఉందని లోపల గర్వంగానే ఉంది.

అంత కష్టమైతే ఆ అంకె జోలికే పోకు. ఆరు తరవాత ఎనిమిది అనేస్తే ఎవరు పట్టుకుంటారు?

నీళ్ల మీద తిరుగుతూ నీ మీదే ధ్యాసున్న,
నీ మేస్త్రీ


ప్రియమైన మీకు,

మీరు సరదాకి రాశారు. మీ ఉత్తరం అందేసరికే నేను ఆ నిర్వాకం చేసి కూర్చున్నాను.

కాన్పు దారి ఎంత తెరుచుకుందో చూసి సెంటీమీటర్లలో పైకి చెప్పాలి. ఏడు వస్తే ఒకావిడ దగ్గర ఆరు దాటిందన్నాను, ఇంకొకావిడ దగ్గర ఎనిమిదికి కాస్త తక్కువన్నాను. నిన్న పెద్ద నర్సమ్మ పక్కకు పిలిచి, నువ్వు చూసే తల్లులెవరికీ ఏడే రాదేమని అడిగింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ దశలో తల్లికి ముక్కాలనిపిస్తుంది, కానీ పది వచ్చేదాకా ముక్కకూడదు. తొందరపడితే తల్లికీ బిడ్డకీ ముప్పు. అంకె విషయంలో నీళ్లు నమిలితే కుదరదు. అది నాకు తెలియనిది కాదు. తెలిసీ తప్పించుకున్నాను.

ఇంకొక్క కాన్పు చూస్తానంది. అందులోనూ తడబడితే ఇంతే సంగతులు. నా పని నాకు రాదేమోనన్న భయం పుట్టడం ఇదే మొదటిసారి.

మీ


ప్రియమైన నీకు,

చాలు, ఇక వచ్చెయ్యి. అంత పనితనం ఉన్న మనిషివి అంకె దగ్గర తల దించుకున్నావంటే నాకు ముద్ద దిగలేదు. కంపెనీవాళ్లు ఓడ మీద ఇంకో మూడేళ్లకు ఒప్పందం ఇస్తున్నారు. వచ్చే రేవులో సంతకం పెడతాను. నువ్వు మీ అక్క దగ్గర ఉందువుగాని. కలిసి ఉండటం ఎటూ అలవాటు తప్పింది, ఇంకొన్నాళ్లు అనుకుందాం. ఆ రేవులో నీ జవాబు కనబడకపోతే సరేనన్నావని అనుకుంటాను.

నీ వాడు


ప్రియాతిప్రియమైన మేస్త్రీగారికి,

సంతకం పెట్టకండి. ముందు ఆ కలం జేబులో పెట్టుకుని, తరవాత ఇది చదవండి.

మొన్న పొద్దున్నే వచ్చింది ఆ అమ్మాయి. తొలి కాన్పు. నొప్పులు ఒకదాని మీద ఒకటి తోసుకొస్తుంటే ఆగలేక ముక్కడం మొదలుపెట్టింది. చూస్తే సరిగ్గా ఏడే. కానీ అప్పుడు గుర్తొచ్చింది పరీక్ష కాదు, ఆ పిల్ల. మొహం దగ్గరగా పెట్టి, పెదాలు చుట్టి, నాతోపాటు ఊదమన్నాను. మన దగ్గర తల్లులందరికీ నేర్పినట్టే, లోపల్నుంచి పొడుగ్గా. ఇద్దరం ఊదుతున్నాం. తలుపు దగ్గర్నుంచి డాక్టరు ఎంత అని అడిగాడు. ఆ ఊపిరి ఆపకుండానే ఏడు అనేశాను.

వచ్చేసిందండీ. గుండ్రంగా, గాలి తెరలా, గదంతా వినబడేలా. ఆ అమ్మాయి నా కళ్లలోకి చూసి తలూపి, ముక్కడం మానేసి ఊదసాగింది. ఇన్నాళ్లూ నాలుక మడతల్లో వెతికిన శబ్దం నేను రోజూ తల్లులకు నేర్పిన ఊపిరే. కొవ్వొత్తి ముందు ఒక్క బుగ్గలతోనే ఊదాను, అందుకే రాలేదు. ఇంటికొచ్చి అద్దం ముందు అన్నాను, మెట్ల మీద అన్నాను. పక్కింటాయన తలుపు తీసి చూశాడు, ఆయనకీ అన్నాను.

ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. అన్నీ సర్దాక పెద్ద నర్సమ్మ ఆ తల్లిని, ఈవిడ మాట నీకు అర్థమైందా అని అడిగింది. ఏడు అనగానే ఇంకా టైముందని తెలిసిపోయిందనీ, అందుకే ఓర్చుకున్నాననీ ఆ పిల్ల చెప్పింది. పెద్ద నర్సమ్మ నా వైపు తిరిగింది.

“అర్థం కావాల్సిన మనిషికి అర్థమైంది. ఇంక నేను పరీక్షించేదేముంది? సోమవారం నుంచి డ్యూటీకి రా.”

బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లి తనివితీరా ఏడ్చాను. అంత సంతోషం ఒక్కదాన్నే మొయ్యలేకపోయాను. ఆసుపత్రి వెనక వీధిలో ఇల్లు చూశాను. రెండు గదులూ, వీధివైపు కిటికీ. అడ్వాన్సు ఇచ్చేశాను, మిమ్మల్ని అడగలేదు. దిగి రండి.

మీ
ప్రసూతి నర్సు