ఆర్డెలియా చేతిలో నల్ల గోళీ

న్యూ ఓర్లీన్స్, మార్చి 1958

ప్రియమైన చెల్లెలు ఆర్డెలియాకు,

పెకాన్ మిఠాయి డబ్బా పంపుతున్నాను, ఇంట్లో చేసిందే. మా అమ్మాయి మార్సెలీన్ మీ ఊళ్లో, మన కాలేజీలోనే చదువుతోంది. మన సోదరీ సంఘంలో చేరతానని దరఖాస్తు పెట్టింది. నల్లజాతి ఆడపిల్లలకు ఊళ్లో ఎవరూ గది ఇవ్వని రోజుల్లో, ఐదుగురు అమ్మాయిలు ఓ ఇల్లు తీసుకుని, సాయంత్రాలు బట్టలుతికే ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతూ మొదలుపెట్టిన సంఘం కదా మనది! ఈ ఏడు పాత సభ్యుల తరఫున ఓటు నీదేనట. పెట్టెలో ఒక్క నల్ల గోళీ పడినా పిల్ల బయటే. నువ్వు తెల్లదే వేస్తావని నా నమ్మకం.

ప్రేమతో,
నీ అక్క ఒడీల్ ఫాంటెనో

*

మోంట్‌గోమరీ

ప్రియమైన ఒడీల్ అక్కగారికి,

మిఠాయి అందింది. పక్కింటి కుక్కకు పెట్టాను. ఇష్టంగానే తిన్నది.

నేను మీకు చెల్లెల్ని ఎప్పుడయ్యాను? కాలేజీలో ఉండగా నేను సంఘంలో చేరదామని వచ్చిన రోజు ఆ ఇంటి గుమ్మంలో నిలబడింది మీరే. కిరాణా కొట్టు గోధుమరంగు కాగితం సంచి నా చెంపకు ఆనించి, అందరూ వినేలా, "అయ్యో పిల్లా, సంచికంటే నల్లగా ఉన్నావే! వెనకవైపు వెళ్లు, తోమాల్సిన గిన్నెలున్నాయి" అన్నారు. లోపలున్న వాళ్లంతా పగలబడి నవ్వారు. నేను టీచరునయ్యాక ఇక్కడి శాఖవాళ్లు పిలిచి చేర్చుకున్నారు. మీ అమ్మాయి పేరు చూశాకే ఈ ఓటు అడిగి మరీ తీసుకున్నాను. నల్ల గోళీ నా చేతిసంచిలో సిద్ధంగా ఉంది.

సెలవు,
ఆర్డెలియా బోమన్

*

న్యూ ఓర్లీన్స్

ప్రియమైన ఆర్డెలియా,

నీ కాళ్లు పట్టుకుంటాను. నువ్వు మార్సెలీన్‌ని చూడలేదు. దానికి నా లేత రంగు రాలేదు, మా అమ్మ పోలిక. నీకంటే ఓ చాయ నలుపే. ఇంటికి ఎవరైనా వస్తే నేను మా అమ్మను వెనక గదిలో ఉంచేదాన్ని. ఈ పిల్ల వెళ్లి ఆమె పక్కనే కూర్చునేది. సంచి సంగతి దానికి తెలియదు. తెలిస్తే నా మొహం చూడదు. నన్నెంత తిట్టినా పడతాను, దాన్ని వదిలెయ్.

ఒడీల్

*

మోంట్‌గోమరీ, మే 1958

ప్రియమైన ఒడీల్ గారికి,

ఓటుకు ముందు మార్సెలీన్ నన్ను కలవడానికి వచ్చింది. మా సంఘంతో నీకేం పని అని అడిగాను. "మా అమ్మమ్మ ఓటర్ల జాబితాలో పేరు రాయించుకుందామని వెళ్తే, చదవడం రాదని నవ్వి పంపించేశారండీ. మీ సంఘంవాళ్లు చర్చిలో అలాంటివాళ్లకి చదువు చెప్తారట కదా, నేనూ చెప్తాను" అంది. పెట్టెలో అన్నీ తెల్ల గోళీలే పడ్డాయి. అది మీ మొహం చూసి కాదు.

తల్లి కూడా సభ్యురాలైతే, చేరే రోజు కూతురికి సంఘం పిన్ను పెట్టేది తల్లే. వస్తాను, రోజు చెప్పమని మీరు టెలిగ్రాం ఇచ్చారు. నేను జవాబివ్వలేదు. ముందు మార్సెలీన్‌ని కూర్చోబెట్టి సంచి కథంతా చెప్పాను, ఒక్క ముక్క కూడా దాచకుండా. "అమ్మమ్మని వెనక గదిలో పెట్టింది అందుకా?" అంది. "మీ అమ్మను పిలవనా?" అన్నాను.

"వద్దండీ. మీరే పెట్టండి."

నేనే పెట్టాను. నా కసి తీరింది, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

ఇప్పుడు ఆదివారాలు మా ఇంట్లోనే భోంచేస్తుంది. అమ్మకు ఓ ముక్క రాయమ్మా అంటాను. రాస్తానంటుంది గానీ రాయదు. నేనూ గట్టిగా చెప్పడం లేదు.

ఉంటాను,
ఆర్డెలియా