దుమ్ములగొండి ఇంటి చుక్క

ప్రియమైన సుహాస్,

ఈ కొండల్లో సిగ్నల్ చచ్చింది. అందుకే కెమెరా కార్డులు సిటీకి, సాకేత్‌లో నీ ఆఫీసుకి తెచ్చే దశరథ్ భయ్యా చేతికే ఈ ఉత్తరమూ ఇస్తున్నాను. దొరికిందోయ్! ఇన్నాళ్ళూ వెతికిన దుమ్ములగొండి ఎర్రబండ కింద గుహలో ఉంది, ఒంటినిండా చారలున్న రెండు పిల్లలతో! ఇంకా కళ్ళయినా తెరవలేదు. చూసి ఏడ్చేశాను.

గుహ చోటు జాగ్రత్త. ఊళ్ళో తెలిస్తే, "యే బచ్చే ఉఠా లే జాతా హై" అని, పసిపిల్లల్ని ఎత్తుకుపోతుందని పొగపెట్టి చంపేస్తారు. మీ కమిటీ ఈ కొండని రక్షణకి ఎంచకపోతే రోడ్డు వేసేవాళ్ళు ఎలాగూ బతకనివ్వరు. పప్పు తప్ప వేరే ఏమైనా వండుకుంటున్నావా?

నీ ప్రవల్లిక

ప్రియమైన ప్రవల్లీ,

పప్పే. అదీ మాడుతోంది.

కొండలన్నిటినీ మ్యాపు మీద గడులుగా కోసి, నాలుగింటికే రక్షణ అన్నారు. "సబ్ కో నహీ బచా సకతే", అన్నిటినీ కాపాడలేం అంటూ పెద్దసారు తీరిగ్గా టీ తాగారు. నాకు ఒళ్ళు మండింది. అయినా గెలిచాం! నీ బాలింత పుణ్యమా అని మీ వైపు గడి జాబితాకెక్కింది, సంతకాలూ అయ్యాయి.

గుహ సంగతి బెంగపడకు. అసలు చోటు ఎవరికీ తెలియకుండా అచ్చయ్యే మ్యాపుల్లో గుహ చుక్కని పక్క గడిలోకి జరుపుతాం కదా, ఈసారి నువ్వు చెప్పావని ముందే జరిపేశాను.

నీ సుహాస్

సుహాస్,

ముందే అంటే? గడులు ఎంచకముందేనా? ఇక్కడ ఎర్రబండకి సున్నం గీతలు గీస్తున్నారు. బుల్‌డోజర్ వచ్చింది. ఏ గడి ఎంచారో వెంటనే చెప్పు, నీకు పుణ్యముంటుంది.

ప్రవల్లిక

ప్రియమైన ప్రవల్లీ,

అవును, ఎంచకముందే. కమిటీ చూసింది నేను జరిపిన చుక్కనే, అందుకే పక్క గడే ఎక్కింది. పెద్దసారు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "ఫైల్ బంద్ హో గయీ" అన్నారు. మార్చాలంటే మళ్ళీ సర్వే, మళ్ళీ కమిటీ, అప్పటిదాకా రోడ్డు పని ఆగదట. దాన్ని కాపాడదామనే జరిపాను, ఒట్టు. చేజేతులా చంపుతున్నాను. పిల్లల్నైనా ఎత్తుకొచ్చెయ్యలేవా?

సుహాస్

ప్రియమైన సుహాస్,

వెళ్ళేసరికే బండ దొర్లించేశారు. తల్లి ఎటు పారిపోయిందో తెలియదు. పిల్లలు రెండూ కిందే ఉన్నాయి.

నిన్ను తిట్టాలనే కూర్చున్నాను, నోరు రాలేదు. నేనైనా అదే చేసేదాన్నేమో.

నిన్న పక్క గడిలో రక్షిత ప్రాంతమని బోర్డు పాతారు. ముళ్ళకంప తప్ప అక్కడ కుందేలు కూడా లేదు. దశరథ్ భయ్యా, నేనూ కలిసి పిల్లల్ని ఆ బోర్డు పక్కనే పూడ్చాం.

ఇక ఆ చుక్కని కదపకు. ఇప్పుడు సరైన చోటే ఉంది.

నీ ప్రవల్లిక