వియ్యంకుడిచ్చిన కంప్యూటరు

గౌరవనీయులైన అన్నయ్యగారికి, వదినగారికి నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. క్షేమంగా లేనిది మీరిచ్చిన కంప్యూటరు ఒక్కటే. మీకు ఫోనులో బొత్తిగా వినబడదని మా అమ్మాయి చెప్పింది. మీ ఇంటి కోడలయ్యాక దాని మాట నేనూ వినాలి కదా, అందుకే ఉత్తరం.

మీ చేతులతో బిగించి ఇచ్చిన యంత్రం, మొదట్లో లేడిపిల్లలా పరుగులు తీసింది. ఈమధ్య నత్తనడక. మీట నొక్కి వెళ్లి, ఒక చొక్కాకు కాజాలన్నీ కుట్టి వచ్చినా తెర మీద ఆ గుండ్రం తిరుగుతూనే ఉంటుంది.

మామూలుగా అయితే సర్దుకుపోయేదాన్నే. కానీ కుట్టు శిక్షణ కేంద్రం వాళ్లు వచ్చే నెల మొదటి తారీఖు నుంచి ఇంటి నుంచే కంప్యూటరులో పాఠాలు చెప్పమని నన్ను అడిగారు. ఇన్నేళ్లూ ముందు గదిలో మిషను పెట్టుకొని వీధి వాళ్లందరి కొలతలూ తీసినదాన్ని, ఈ వయసులో టీచరునవుతున్నాను. మొదటి పాఠం చెడితే నా చోటికి ఇంకొకావిడ సిద్ధంగా ఉంది. నాకు ఈ పని కావాలి అన్నయ్యగారూ. దీన్ని దారిలో పెట్టే మార్గం చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
మీ వియ్యపురాలు

తా.క.: మీరిచ్చిన దానిలో లోపం ఉందని నా ఉద్దేశం కాదు. ఉందని మా ఆయన ఉద్దేశం.

*

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెమ్మకు దీవెనలు. బావగారికి నమస్కారాలు.

బావగారి ఉద్దేశం తెలిసి సంతోషించాను. ప్రెస్సు మూతపడేదాకా అచ్చుయంత్రం నడిపినవాణ్ణి. నేను బిగించిన మర ఇంతవరకు వదులైన పాపాన పోలేదు. అయినా అడగవలసినవి అడగాలి.

మొదటిది, ప్లగ్గు గోడకు సరిగ్గా పెట్టారా? రెండోది, తెర మీద ఏమైనా రాసి వస్తే ఆ కంప్యూటరు నుంచే నాకు మెయిలు చేయండి. మూడోది, గాలి ఆడుతోందా?

టీచరు ఉద్యోగం మాట విని మీ వదినగారు, నేను ఎంతో ఆనందించాం. తారీఖు లోపల అది లేవాలి. లేపుతాను.

మీ మేలు కోరే,
అన్నయ్య

తా.క.: బావగారికి కోపం రాకుండా చదివి వినిపించండి. వస్తే మూడో ప్రశ్న వదిలేయండి.

*

అన్నయ్యగారికి,

నమస్కారం మామూలే.

ప్లగ్గు పెట్టారా అని అడిగారు. మా ఇంట్లో కరెంటు ఉంది. కుట్టుమిషనుకు మోటారు ఉంది. ప్లగ్గు ఎక్కడ పెట్టాలో తెలియని ఇంటి నుంచి మీరు కోడల్ని తెచ్చుకోలేదు.

కంప్యూటరు లేవడం లేదన్న సంగతి అదే కంప్యూటరులో రాసి పంపమన్నారు. పడుకున్న మనిషిని లేపి, నిద్రపోతున్నావా అని అడిగినట్టుంది.

ఇక గాలి ఆడుతోందా అన్నారు. సంబంధం మాట్లాడడానికి వచ్చిన రోజునే మీరు మా ముందు గది నాలుగు మూలలూ చూడడం నేను గమనించాను. మా ఇల్లు ఇరుకే. కానీ రెండు కిటికీలు ఉన్నాయి, రెండూ తెరుచుకుంటాయి. ఈ మాట మూడో ప్రశ్నగా కాకుండా మొహం మీదే అని ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు.

కంప్యూటరు సంగతికి వస్తే, ఇప్పుడు లేస్తోంది గానీ కాసేపటికే తెర నల్లబడి చచ్చూరుకుంటోంది. తారీఖు దగ్గర పడుతోంది. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

మీ చెల్లెలు (మీరు ఒప్పుకుంటే)

తా.క.: నిన్న మా ఆయన దానికి ఒక్కటి అంటించారు. వెంటనే లేచింది. అప్పటి నుంచి ఈయన మెకానిక్కునని చెప్పుకు తిరుగుతున్నారు.

*

నా తోబుట్టువు లాంటి చెల్లెమ్మకు,

ఒప్పుకోకపోవడం ఏమిటి? మీ ఇల్లు బంగారంలాంటి ఇల్లు. ఆ రోజు నేను మూలలు చూసింది కంప్యూటరు ఎక్కడ పెడితే బాగుంటుందా అని. నేను అడిగిన గాలి ఇంటికి కాదు, పెట్టెకు.

సంగతేమిటంటే, ఆ పెట్టెకు వెనక, పక్కన చిల్లులుంటాయి. లోపల చిన్న ఫ్యాను తిరుగుతుంది. చిల్లుల్లోంచి గాలి ఆడకపోతే లోపల వేడెక్కుతుంది. వేడెక్కితే మెల్లగా నడుస్తుంది. మరీ వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది. పెట్టె మీద చెయ్యి పెట్టి చూడండి. దాని చుట్టూ, పైనా, కిందా ఏమేమున్నాయో కొలతలు తీసినట్టుగా ఒక్కటీ వదలకుండా రాయండి.

ధైర్యంగా ఉండండి. ఆ ఉద్యోగం మీదే.

మీ అన్నయ్య (అనుమానం అక్కర్లేదు)

తా.క.: బావగారిని చెయ్యి చేసుకోవద్దనండి. చెయ్యి చేసుకుంటే దారికొచ్చేది మన రెండిళ్లలో ఏదీ లేదు.

*

పూజ్యులైన అన్నయ్యగారికి చెల్లెలి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి కళ్లనీళ్లు తిరిగాయి. అపార్థం చేసుకున్నాను, మనసులో పెట్టుకోకండి.

మీరడిగినట్టే రాస్తున్నాను. చుట్టూ ఏమీ లేదు. కింద బల్ల. పైన నేను కుట్టిన తొడుగు. ఇచ్చిన రోజున మీరు "దుమ్ము పడనివ్వకండి, పసిబిడ్డలా చూసుకోండి" అన్నారు కదా. అందుకని పైకి మంచి ముఖమల్, లోపల పలచని లైనింగు, మధ్యలో దూది పెట్టి, వెనక గుండీలతో బిగువుగా కుట్టాను. మీట నొక్కడానికి ముందువైపు ఒక్క కాజా వదిలాను. చూసినవాళ్లంతా పెళ్లికూతురిలా ఉందంటున్నారు. మెల్లగా నడవడం మొదలయ్యాక, నీరసించిందేమోనని ఇంకొక పొర దూది కూడా పెట్టాను.

ఈ తొడుగుకీ జబ్బుకీ సంబంధం లేదనుకోండి, ఒక్కటీ వదలొద్దన్నారని రాశాను. చెయ్యి పెట్టి చూస్తే మాత్రం ఒళ్లు కాలిపోతోంది.

మీ చెల్లెలు

తా.క.: వేడి అన్నారు గనుక తడిగుడ్డ వేద్దామనుకుంటున్నాం. ఎంతసేపు ఉంచాలో వెంటనే రాయండి. బకెట్టు సిద్ధంగా ఉంది.

*

చెల్లెమ్మా,

తడిగుడ్డ వద్దు. వద్దు. వద్దు.

మీ ఉత్తరం అందగానే ఫోను చేశాను. బావగారు ఎత్తారు. ఆయన ఏమన్నారో నాకు వినబడలేదు. నేను అరిచింది ఆయనకు నచ్చినట్టు లేదు. అందుకని కొరియరులో పంపుతున్నాను.

ముందు ప్లగ్గు తీయండి. తర్వాత తొడుగు విప్పండి, రెండు పొరలూ. పూర్తిగా చల్లారనివ్వండి. చిల్లుల మీది దుమ్మును పొడి బ్రష్షుతో మెల్లగా తుడవండి. గోడకు జానెడు దూరంలో పెట్టి, అప్పుడు మీట నొక్కండి. తొడుగు మళ్లీ వేస్తే, దాన్ని ఆపేసి చల్లారాకే వేయండి.

తొడుగు కుట్టడంలో మీ తప్పు లేదు. పసిబిడ్డ అన్నది నేనే.

అన్నయ్య

తా.క.: బకెట్టు ఇంకో గదిలో పెట్టండి.

*

అన్నయ్యగారికి వేయి దండాలు.

మీ ఫోను ఎత్తిన మా ఆయన "వియ్యంకుడు తడిగుడ్డ, తడిగుడ్డ అని అరుస్తున్నాడు, వేయమనే కాబోలు" అన్నారు. మర్నాడు నేను గుడ్డ పిండుతుండగా కొరియరు అతను తలుపు కొట్టాడు. మీ పేరు చెప్పి అతనికి మంచినీళ్లిచ్చాను.

తొడుగు విప్పితే చిల్లుల నిండా దూది. తుడిచి మీట నొక్కాను. లేచి కూర్చుంది. నిన్నటి పాఠం ఒక్కసారి కూడా ఆగకుండా జరిగింది. మొదట కాస్త భయపడ్డాను గానీ సూదిలో దారం ఎక్కించగానే అన్నీ మరిచిపోయాను. నేను టీచరునయ్యాను అన్నయ్యగారూ.

ఒక్కటే బెంగ. తరగతి నడపడానికి సరిగ్గా కావలసినంత మందే చేరారట. ఒక్కరు మానినా ఎత్తేస్తామన్నారు. అందులో ఒకావిడ పేరు చెప్పదు, మొహం చూపించదు, మాట్లాడదు, తెర మీద ముడతలు పడ్డ చేతులే కనబడతాయి. అంత మొద్దు చేతులు నేనెక్కడా చూడలేదు. గుండీ కుట్టమంటే కట్టుకున్న బట్టకే కలిపి కుట్టేసుకుంది. నేను కాస్త గట్టిగానే కసిరాను. వచ్చే వారం పాఠానికి ఆవిడ రాదేమోనని నా భయం.

మీ చెల్లెలు

తా.క.: ఎవరి తల్లో పాపం, ఆ వయసులో నేర్చుకోవాలని ఎందుకు బుద్ధి పుట్టిందో.

*

పూజ్యులైన టీచరుగారికి,

ఆవిడ వస్తుంది. ఆ మొద్దు చేతులు నావి.

తరగతికి ఒక్కరు తక్కువయ్యారని, భర్తీ కాకపోతే మీకు ఆ పని దక్కదని కేంద్రం వాళ్ల ద్వారా తెలిసి మా కోడలు బెంగపడుతుంటే, ఆ ఒక్కరు నేనవుతానన్నాను. మీ మొదటి ఉత్తరం రాకముందే, మీకు పేరు చెప్పొద్దని కేంద్రం వాళ్లను కోరి చేరిపోయాను. మీ కంప్యూటరు లేవకపోతే పోయేది మీ ఉద్యోగమే కాదు, మీ దగ్గర నా చదువు కూడా. అందుకే అన్ని ప్రశ్నలు వేసి మిమ్మల్ని విసిగించాను. వియ్యపురాలి ముందు విద్యార్థిగా కూర్చోవడానికి మొహం చెల్లక చేతులే చూపించాను.

మీ కోసమే చేరాననుకోకండి. ప్రెస్సు మూతపడ్డాక ఈ చేతులకు పని లేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాటిని ఒళ్లో పెట్టుకొని కూర్చోవడం ఎంత కష్టమో ఎవరికీ చెప్పుకోలేకపోయాను. ఆ పాఠంలో వంకరగానే అయినా ఒక గుండీ కుట్టాను. ఆ రాత్రి చాన్నాళ్లకు హాయిగా నిద్రపోయాను.

మీరు కసిరారంటున్నారు, నాకు ఒక్క ముక్క వినబడలేదు. మీ చేతులు కదలడం చూశాను, అది చాలు. పాఠం మాత్రం ఆపకండి.

మీ విద్యార్థి

తా.క.: అక్షరాలు వంకర పోయినందుకు క్షమించాలి, ఎడమచేత్తో రాశాను. కుడిచేతి వేలికి కట్టు. గుడ్డ ఎక్కడ అయిపోయి మనిషి ఎక్కడ మొదలవుతాడో సూదికి ఎలా చెప్పాలన్నది వచ్చే పాఠంలో ఉంటే బాగుండును.