అతుకు కనబడని గోడ

గుడియాత్తం నెల్లూరుపేటలో ఉండే నారాయణ కొడుకు, తాపీ మేస్త్రి వెంకటాద్రి అనే నేను, అరవై ఏడేళ్ళ వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి నిలకడగానే ఉంది. ఎడమ కాలికే నిలకడ లేదు, దానికి కారణం ఒక లారీ. నాకు తెలుగు మాట్లాడటమే గాని రాయడం రాదు కనుక డాక్యుమెంటు రైటరు హేమనాథ్ రాస్తున్నాడు. తిట్లు కూడా రాయమన్నాను, సగమే రాస్తానన్నాడు.

1. నేను కట్టుకున్న రెండు గదుల ఇల్లు నా భార్య మునియమ్మకు చెందాలి. దీనిమీద ఎవరూ నోరెత్తకూడదు.

2. 2019 ఆగస్టులో దారి తప్పి మా వీధిలోకి వచ్చిన ఒక లారీ వెనక్కి తిప్పుకుంటూ మా ప్రహరీ గోడను గుద్దింది. గోడ నా కాలి మీద పడింది, లారీ పారిపోయింది. తలుపు మీది కంపెనీ పేరు వీధంతా చూసింది గాని నంబరు ఎవరూ చూడలేదు. తమ బండి ఆ రోజు గుడియాత్తానికే రాలేదని కంపెనీ అంటోంది. వేలూరులో వేసిన నష్టపరిహారం కేసు ఇంకా నడుస్తోంది, నాకన్నా బాగా. అందులో వచ్చేదంతా మునియమ్మదే. నేను మంచాన పడ్డాక ఆ మనిషి ఈ వయసులో మళ్ళీ సిమెంటు గంప తలకెత్తుకుంది.

3. గోడకు వేలాడే ఫ్రేము నా కొడుకు బాలాకు. మేస్త్రి ఇంటి గోడే కూలి ఉంటే ఊళ్ళో తలెత్తుకునేదెట్లా? అందుకే ఆసుపత్రి నుంచి రాగానే స్టూలు మీద కూర్చుని నాలుగు రోజుల్లో గోడ కట్టి, పూత పూసి, సున్నం కొట్టాను. తర్వాత వచ్చిన, లారీ కంపెనీ తరఫు ఇన్సూరెన్సు సర్వేయరు గంటసేపు తడిమి చూసి, ఈ గోడ ఎన్నడూ పడలేదు, అతుకే లేదు అని రాసుకుపోయాడు. మా వకీలు జయకుమార్ తల పట్టుకున్నాడు. నేను ఆ రిపోర్టు నకలుకు ఫ్రేము కట్టించాను. నలభై ఏళ్ళలో నా పనిని కాగితం మీద మెచ్చుకున్నది ఆయనొక్కడే.

4. గోడ వంకర చూసుకునే నా రసమట్టం బావమరిది చిన్నరాజుకు. అతనూ మేస్త్రే. గోడలో సందు మిగిలితే పెంకో, పాత చెప్పో కుక్కి పైన పూత పూసేస్తాడు. ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ నలుగురి ముందూ అతన్ని కుక్కుడు మేస్త్రి అని పిలిచాను. "బావా, నువ్వు యానాడూ కుక్కలేదా? ఒట్టేసి చెప్పు" అనేవాడు. మొన్నటికి మొన్న కూడా ఒట్టేశాను.

5. ఆ ఒట్టు అబద్ధం. నాలుగో రోజు పాత గోడతో కలిసేచోట జానెడు సందు మిగిలింది, ఇటుకలు అయిపోయాయి, మునియమ్మ నీళ్ళకు పోయింది. లారీ నుంచి ఊడిపడిన నంబరు ప్లేటు రాళ్ళలో కనబడింది. కొలిచినట్టు సరిపోయింది. కుక్కాను. లారీ నంబరు దొరికితేనే కేసు నిలబడుతుందని తర్వాత వకీలు అన్నాకే, ఆ ప్లేటే సాక్ష్యమని తెలిసింది. బయటపెడితే చిన్నరాజు ముందు తల వంచాలి. ఆరేళ్ళు నోరు మూసుకున్నాను. మునియమ్మ మోసిన గంపలన్నీ నా పరువు కోసం మోసినవే. నాకు సిగ్గుగా ఉంది. నేను పోయాక తులసికోటకు ఎడమ పక్క, పై నుంచి మూడో వరుసలో పగలగొట్టి ప్లేటును వకీలుకివ్వాలి. ఆ సందును చిన్నరాజే పూడ్చాలి. ఏం కుక్కుతాడో అతనిష్టం.

2025 నవంబరు 9, ఆదివారం, గుడియాత్తం.

(సంతకం) వెంకటాద్రి

రాసినవాడి గమనిక: వాడుక ప్రకారం సంతకాలకు ముందు ఇదంతా ఇంటిల్లిపాదికీ బిగ్గరగా చదివి వినిపించాను. ఐదో అంశం దగ్గర మునియమ్మ లేచింది. "నువ్వు పొయ్యేదాకా గంపలు మోస్తా ఉండాల్నా నేను?" అని గడ్డపార తీసుకుంది. వెంకటాద్రి మంచం మీంచి "మూడో వరస, మూడో వరస" అని అరుస్తూనే సంతకం పెట్టాడు.

సాక్షులు:

1. పెరియస్వామి, టీ అంగడి.

2. చిన్నరాజు. ప్లేటు బయటపడ్డాకే గోడ దగ్గర్నుంచి వచ్చి సంతకం పెట్టాడు. కాగితం మీది సున్నం మరక అతనిదే. "మా బావ కుక్కినా అతుకు కనబడనీలేదప్పా" అన్నాడు. అదీ రాయమన్నాడు.