కొన్న ఇంటికి కొత్త దర్వాజ

శుక్రవారం రాత్రి, మెసయీద్ లేబర్ క్యాంప్, ఖతార్

ఊళ్లో మేము కొంటున్న ఇంటి రిజిస్ట్రేషన్ మళ్లీ ఆగింది. అమ్మే రాజన్న ముందు మూఢంలో వద్దన్నాడు, తర్వాత తమ్ముడి సంతకం కావాలన్నాడు. ఇవాళ ఫోన్‌లో ఇంటి ద్వారబంధం గురించి కొత్త మాట చెప్పాడు.

"మా నాయన చేయించిన టేకు దర్వాజ బావా, కింది కడపతోని సహా తీస్కపోతం. ఒప్పుకుంటెనే సంతకం."

కోపం వచ్చింది గానీ, ఎప్పటిలాగే "చూద్దాం" అని ఫోన్ పెట్టేశాను. పక్క మంచం గంగారాం సంగతి విని నవ్వాడు. "ఏం కాకా, దర్వాజ లేని ఇల్లు కొంటున్నవా? దొంగలకు మస్తు సులువు!"

దిగులుతో ఇంటికి ఫోన్ చేసి నా భార్య లచ్చవ్వకు చెప్పాను. "తీస్కపోనియ్యి" అంది. "ఇన్నేండ్లు కిరాయి ఇండ్లల్లనే ఉంటిమి. ఎవలన్న ఇల్లు కడితే, వాళ్ల దర్వాజ పూజ పక్కకు నిలవడి చూస్తుంటి. కొన్న ఇంటికి ఆ పూజ ఉండదు గదా అని మనసుల ఉండె. ఇగ మన దర్వాజ మనమే నిలవెడదం. నువ్వు రావాలె. ఇద్దరం పీటల మీద కూసోవాలె."

కళ్లు తడిశాయి. రాజన్న తెలియకుండానే మాకు మేలు చేశాడు. వెంటనే అతనికి ఫోన్ చేసి, సరేనన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

రేపు ఫోర్‌మన్‌ను సెలవు అడగాలి. ఇస్తాడో లేదో. ఆయన ముందు నిలబడితే నాకు మాట రాదు. తోడు వస్తానన్నాడు గంగారాం. వద్దన్నాను. పీట మీద కూర్చునేది నేనే కదా, నేనే అడుగుతాను.