బిగించని వైస్

బావగారికి,

మీ బావమరిది నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. మీ వేళ్లు కూడా క్షేమంగా ఉన్నాయని తెలిస్తే మరీ సంతోషిస్తాను.

మీరు గేటు కీళ్ల ఇనప పలకలను ఉత్త చేత్తో అదిమి పట్టుకుని డ్రిల్లింగ్ మెషిన్ కింద బెజ్జాలు వేస్తున్నారని అక్క రాసింది. అది చూసొచ్చిన రోజు అన్నం సయించలేదట. బావగారూ, నేను ఫ్యాక్టరీలో ఫిట్టర్ని, ఇలాంటివి కళ్లారా చూసినవాణ్ని. బెజ్జం వేసే బిట్టు ఇనుములోకి దిగుతున్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. అడుగున బయటపడే క్షణంలో అంచును పట్టుకుని పలకను గిర్రున తిప్పేస్తుంది. ఆ విసురు ముందు మనిషి చేయి ఏపాటి? మా షెడ్డులో ఒకాయన ఇప్పుడు ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు.

అందుకే ఒక వైస్ పంపుతున్నాను. పలకను దాని దవడల మధ్య పెట్టి, పిడి తిప్పి బిగించండి. వైస్‌ను మెషిన్ బల్లకు బోల్టులతో కట్టేయండి. చేయి దూరంగా పెట్టుకోండి. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నచ్చని మాట వచ్చినప్పుడల్లా మీరు మెషిన్ ఆన్ చేసి వినపడలేదంటారు.

మీ వేళ్ల మేలు కోరే,
బావమరిది

తా.క. వైస్ బాగా బరువు. కాలి మీద వేసుకుని నా మీద నేరం మోపకండి.

*

చిరంజీవి బావమరిదిని దీవించి అక్క మొగుడు రాసేది.

వైస్ అందింది. మోసుకొచ్చిన మనిషి నన్ను చూసిన చూపు ఏమీ బాగాలేదు. నీ శ్రద్ధకు సంతోషం. అయితే దాని దవడలు గరుకుగా ఉండి పలకల అంచుల మీద పళ్ల గాట్లు పెడుతున్నాయి. గేటు చేయించుకున్నాయన వచ్చి, ఈ ఇనుమును ఎవరు కొరికారని అడిగితే నేనేం చెప్పను? కాబట్టి పక్కన పెట్టాను. నా అరచేతి కింద ఇంతవరకు ఏ పలకా కదల్లేదు.

ఆశీస్సులతో,
బావ

తా.క. నువ్వు పంపింది వృథా పోలేదు. వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా మీ అక్క దాన్ని అడ్డం పెట్టింది. వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు.

*

గౌరవనీయులైన బావగారికి,

గాట్లే మీ బాధ అయితే దానికి మందు ఉంది. అల్యూమినియం రేకును వంచి దవడలకు తొడుగులా వేస్తే గీత కూడా పడదు. రేకు నేనే కత్తిరించి పంపుతున్నాను.

దాంతోపాటు ఇంకో వైస్ కూడా పంపుతున్నాను, మొదటిదానికంటే పెద్దది. పిడి బాగా బిర్రు. ఒంట్లో బలమంతా పెట్టి తిప్పాలి. ఒక్కసారి బిగిసిందంటే ఏనుగు లాగినా పలక ఊడి రాదు. ఇక మీకు ఏ సాకూ లేదనుకుంటాను.

వినయంగానే,
బావమరిది

తా.క. తలుపుకు ఇటుక చాలునని అక్కకు చెప్పండి.

*

బావమరిదికి బావ రాసేది.

పెద్ద వైస్ కూడా అందింది. వస్తువు మంచిదే, కాదనను. కానీ ఇప్పుడు చేతిలో ఉన్నవి పొడవాటి పట్టీలు. అవి దాని దవడల్లో ఎలా ఇముడుతాయి? నువ్వు చేసేది ఫ్యాక్టరీ పని, నాది గేట్ల పని. దేని పద్ధతి దానిది.

అయినా నీ మనశ్శాంతి కోసం తోలు గ్లవ్స్ కొనుక్కున్నాను. పొద్దున తొడుక్కుంటే సాయంత్రందాకా తీయడం లేదు. కాఫీ తాగేటప్పుడైనా తీయమని మీ అక్క గొడవ పెడుతోంది. జాగ్రత్తగా ఉన్నా తప్పేనా?

బావ

తా.క. పెద్దది పెరటి తలుపుకు సరిపోయింది. ఇక మా ఇంట్లో తలుపులు లేవు. ఏమీ పంపకు.

*

బావగారికి,

గ్లవ్స్ అన్న మాట చదివి కూర్చున్నచోట కూర్చోలేకపోయాను. తిరిగే బిట్టు దగ్గర గ్లవ్స్ తొడగనే కూడదు. ఉత్త చేయి తగిలితే తెగుతుంది. గ్లవ్వు చిక్కుకుంటే చుట్టుకుపోయి చేతిని మొత్తంగా లాక్కుంటుంది. ఈ ఉత్తరం అందిన వెంటనే తీసి అవతల పారేయండి.

పొడవాటి పట్టీ అయితే మెషిన్ స్తంభానికి ఎడమవైపు ఆనించి, కింద చెక్క పెట్టి, క్లాంపులతో బల్లకు బిగించండి. నాలుగు క్లాంపులు పంపుతున్నాను.

పెద్దవారు, ఈ మాట అనకూడదు, అయినా అంటున్నాను. మీది పద్ధతి కాదు, పంతం. మా అక్క బతుకు ఆ రెండు చేతుల మీద నడుస్తోంది. ఒక్క పిడి తిప్పడానికి మీకు అంత నామోషీ అయితే షాపుకు తాళం వేసేయండి.

బావమరిది

తా.క. వీటిని కూడా తలుపులకు పెట్టారో, నేనే వచ్చి ఆ తలుపులు పీకేస్తాను.

*

బావమరిదికి,

దస్తూరి మీ అక్కది. చూసి కంగారు పడకు, నా చేతులు రెండూ ఉన్నాయి. మాటలు నావి, రాసేది తను.

నీ ఉత్తరం రావడానికి ముందురోజే పట్టీ తిరిగింది. గ్లవ్వును బిట్టు లాక్కుంది. వదులుగా ఉండబట్టి నా చేయి జారి బయటికొచ్చింది. గ్లవ్వు మాత్రం బిట్టుకు చుట్టుకుని తిరుగుతూనే ఉంది. అందులో నా వేళ్లు ఉన్నాయో లేవో చూసుకోవడానికి కాసేపు ధైర్యం చాలలేదు.

పంతమన్నావు. కాదురా. పొద్దున లేస్తే నా వేళ్లు ముడుచుకోవు. కణుపులు వాచాయి. అరచేతి బరువుతో అదమగలను గానీ పిడికిలి పట్టలేను. నీ మొదటి వైస్ పిడి నాకు అర చుట్టు కూడా తిరగలేదు. గాట్లని సాకు చెబితే నువ్వు దానికంటే బిర్రుది పంపావు. వాపు మీ అక్క కంటపడకూడదనే గ్లవ్స్ తొడిగాను. పిడికిలి పట్టని మేస్త్రీకి ఎవరు పని ఇస్తారని భయమేసింది. షాపుకు తాళం వేయమన్నావు చూడు, ఆ మాటకే బాగా నొచ్చుకున్నాను.

నిన్న అంతా చెప్పేశాను. మీ అక్క షాపుకొచ్చి వైస్ బిగించింది, నేను అరచేత్తో మెషిన్ లివర్ లాగి బెజ్జం వేశాను. పలక కదల్లేదు. క్లాంపులు వేయడం మాత్రం నువ్వొచ్చి నేర్పాలి. నేను నేర్పితే అరుస్తున్నానట.

నీ బావ

తా.క. ఖాళీ చేతులతో రా. ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు.

ఇంకో తా.క. తమ్ముడూ, ఇది ఆయన చెప్పింది కాదు, నేను రాస్తున్నది. నిన్ననే నాకు తెలిసినట్టు ఆయన అనుకుంటున్నారు, అనుకోనీ. ఆయన తీయలేకపోతున్నారని వంటింట్లో డబ్బాల మూతలు బిగించడం నేను ఎప్పుడో మానేశాను.